చక్రానికి గాలి కొట్టినవాళ్లు

(వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత వర్క్‌షాప్ మాస్టారు చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త కిందికి దించు బాబూ... ఆఁ, చాలు.

పొద్దున బస్సులో వస్తుంటే దారిలో ఒక ట్రాక్టరు అడ్డం వచ్చింది. నాట్ల రోజులు కదా, ఒక చేలో దమ్ము చేసి ఇంకో చేనికి పోతోంది. దమ్ముకు బిగించే ఇనప పంజరం చక్రాలు, అవే కేజ్ వీల్స్, విప్పకుండానే తారు రోడ్డెక్కించాడు. వెనకాల రోడ్డంతా గాట్లు, ఎవరో ఉలితో వరసగా చెక్కినట్టు. మా డ్రైవరు తల బయటికి పెట్టి నాలుగు తిట్టాడు. ఆ కుర్రాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "రెండు ఫర్లాంగులేగా అన్నా, విప్పి మళ్లీ బిగించాలంటే పూట పోతుంది" అన్నాడు. పోలీసులు చూస్తే జరిమానా వేస్తారని వాడికీ తెలుసు. అయినా పూట పోవడం పెద్ద లెక్క వాడికి.

నేను నవ్వుకున్నాను. సరిగ్గా ఈ తగువే 1920లలో, 30లలో అమెరికాలో ఊరూరా నడిచింది. అప్పట్లో ట్రాక్టరంటేనే ఇనప చక్రాలు, వాటికి ఇనప పళ్లు. చేలో పట్టు బాగానే దొరికేది. రోడ్డెక్కితే మాత్రం కొత్తగా వేసిన రోడ్డు చిల్లులు పడేది. అందుకని చాలాచోట్ల ఇనప పళ్లతో రోడ్డు మీదికి రాకూడదని నిషేధం పెట్టారు. ఇంటి పక్క చేనికి, ఊరవతల చేనికి మధ్య ఒక రోడ్డుంటే చాలు, ట్రాక్టరున్న రైతుకు అదో నది అన్నమాట.

ఆ నది దాటించిన కంపెనీ గురించి ఇవాళ మాట్లాడదామని వచ్చాను. పేరు ఆలిస్-చాల్మర్స్. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి... ఇద్దరు. ఫరవాలేదు. ఫోర్డ్ అంటే అందరూ ఎత్తేవాళ్లు. ఫెర్గూసన్ అయితే సరేసరి, త్రీ పాయింట్ లింకేజీ పాఠంలో పరీక్షకు వస్తాడు. జాన్ డీర్ అయితే మీ ఊరి షోరూమే ఉంటుంది. ఈ కంపెనీ పేరు మాత్రం మీకు ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. కానీ మీరు రేపు వర్క్‌షాపులో ముట్టుకునే వాటిలో ఎన్ని వాళ్ల చేతి మీదుగా వచ్చాయో చెబుతాను, మీరే చూడండి.

ముందు ఇంటిపేరు సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరం. 1861లో ఎడ్వర్డ్ ఆలిస్ అనే వ్యాపారి అక్కడ దివాలా తీసిన ఒక కార్ఖానా కొన్నాడు. పిండిమరలు, రంపపు మిల్లులు, ఆవిరి ఇంజన్లు, ఇవీ ఆయన సరుకు. 1901లో ఇంకొన్ని కంపెనీలతో కలిసి ఆలిస్-చాల్మర్స్ అయింది. కార్ఖానా చుట్టూ పెరిగిన ఊరికి వెస్ట్ ఆలిస్ అని పేరే పడింది. హూవర్ డ్యాముకు వెళ్లిన టర్బైన్లలో వీళ్లవి ఉన్నాయి. అంత పెద్ద ఇంట్లో ట్రాక్టర్ల విభాగం 1914లో వచ్చింది. అంటే చిన్న కోడలు. ఇంట్లో ఎవరూ పెద్దగా లెక్కచేయని చిన్న కోడలు.

నాకేమనిపిస్తుందంటే, వాళ్లకు కలిసొచ్చింది ఆ చిన్న కోడలితనమే. పక్క గదిలో పిండిమర చేసేవాడు, అవతలి గదిలో కరెంటు మోటార్లు చేసేవాడు. ట్రాక్టరు వాళ్లకు ఏదైనా అవసరమైతే పక్క గదికి వెళ్లి అడిగి తెచ్చుకునేవారు. వట్టి ట్రాక్టర్లే చేసే కంపెనీకి ట్రాక్టరు తప్ప ఇంకేం కనపడుతుంది?

సరే, చక్రం దగ్గరికొద్దాం.

రబ్బరు చక్రం ఆలోచన వీళ్లది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఫ్లోరిడాలో నారింజ తోటల వాళ్లకు ఇనప పళ్లతో బాధ ఎక్కువ, చెట్ల వేళ్లు తెగిపోయేవి. వాళ్లు పాత లారీ టైర్లు తెచ్చి ఇనప చక్రం మీద తొడిగి నడుపుకున్నారు. గాలి లేదు, ఉత్త తొడుగు. కంపెనీలు కూడా గట్టి రబ్బరు ప్రయత్నించాయి. లారీ టైరు పెట్టి గాలి గట్టిగా కొడితే చేలో బండి నిలబడ్డచోటే చక్రం తిరిగేది. "రబ్బరు రోడ్డుకేగానీ దుక్కికి పనికిరాదు" అని అందరూ తేల్చేశారు.

అప్పుడు ఆలిస్-చాల్మర్స్ ట్రాక్టరు విభాగానికి పెద్ద హ్యారీ మెరిట్. 1932లో ఆయన మనుషులు ఫైర్‌స్టోన్ కంపెనీ నుంచి విమానం టైర్లు తెప్పించారు. విమానం టైరు ఎందుకు? చెప్పండి చూద్దాం... ఆఁ, మెత్తగా ఉంటుంది. గాలి తక్కువ. విమానాలు పచ్చిక మీద, మట్టి మీద దిగే రోజులవి. వాకేషా దగ్గర ఒక పాడిరైతు పొలంలో, మోడల్ యు అనే ట్రాక్టరుకు వాటిని బిగించి, గాలి చదరపు అంగుళానికి 15 పౌండ్లు మాత్రమే పెట్టి నాగలి దించారు. టైరు అడుగు భూమి మీద చప్పిడిగా పరుచుకుంది. పట్టు దొరికింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి మనం. టైరు కొత్తది కాదు, రబ్బరు కొత్తది కాదు, ట్రాక్టరు కొత్తది కాదు. కొత్తదల్లా గాలి తగ్గించడం. గాలి ఎక్కువుంటే టైరు గట్టిగా, గుండ్రంగా ఉండి భూమిని ఒక చిన్న చోటే తాకుతుంది, అక్కడ మట్టి తెగిపోయి చక్రం జారుతుంది. తగ్గిస్తే తాకే చోటు పెరుగుతుంది, మట్టి తెగకుండా నిలుస్తుంది. ఇప్పటికీ మన రైతుల్లో సగం మంది చేలోకి, రోడ్డుకి ఒకే గాలి కొట్టిస్తారు. బంకుల దగ్గర గాలి కొట్టే కుర్రాడికి లారీకి ఎంతో ట్రాక్టరుకూ అంతే. మీరు పాస్ అయి బయటికెళ్లాక ఇంకేం చేయకపోయినా ఒక వంద మంది రైతుల చేత గాలి తగ్గించండి, మీ చదువు గిట్టుబాటైనట్టే.

పట్టైతే దొరికింది గానీ రైతు నమ్మాలిగా? పంక్చరు పడితే నాగలి నిలిచిపోతుంది అన్నారు. అప్పుడు మెరిట్ పక్కా సినిమా వాళ్ల పని చేశాడు. కారు పందేల వీరుల్ని పట్టుకొచ్చి ట్రాక్టరెక్కించాడు! బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అని, 1903లోనే కారులో నిమిషానికి మైలు పరిగెత్తించిన మొనగాడు. అప్పటికి పందేలు మానేసి వయసు మళ్లినవాడు. 1933లో టెక్సస్‌లోని డల్లాస్‌లో గేర్లు మార్చిన మోడల్ యు ట్రాక్టరును గంటకు 64 మైళ్ల వేగంతో తోలాడు. అంటే మన లెక్కలో 103 కిలోమీటర్లు. రెండేళ్ల తర్వాత యూటాలో ఉప్పు మైదానం మీద ఏబ్ జెంకిన్స్ దాన్నీ దాటించాడు, 67 మైళ్ల పైచిలుకు. మామూలు ట్రాక్టరు మూడు మైళ్ల వేగంతో నడిచే రోజుల్లో ఇది! జాతరలకు జనం విరగబడి వచ్చారు, చూశారు, నవ్వారు. నవ్వుతూనే టైరు పగల్లేదన్న సంగతి గమనించారు.

అదే 1933లో డబ్ల్యూసీ అనే మోడల్ వచ్చింది. రబ్బరు చక్రాల్ని లెక్కలోకి తీసుకుని మొదటి నుంచీ గీసిన వ్యవసాయ ట్రాక్టరు అది. 1948 దాకా ఒక లక్షా డెబ్బై వేలకు పైగా తయారయ్యాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు ట్రాక్టర్లను పరీక్షించి ధ్రువీకరిస్తారు కదా, వాళ్లు 1934లో డబ్ల్యూసీని ఇనప చక్రాల మీదా, రబ్బరు మీదా పెట్టి చూశారు. రబ్బరు మీద లాగుడు మెరుగని తేలింది. ఇక మిగతా కంపెనీలన్నీ వరసకట్టాయి. పదేళ్లు తిరక్కుండా కొత్త ట్రాక్టరంటే రబ్బరు చక్రాలే అన్న రోజు వచ్చేసింది. అందరి దగ్గరా ఉన్న వస్తువు మొదట ఎవరి దగ్గరుందో ఎవడు అడుగుతాడు?

అన్నట్టు రంగు. వాళ్ల ట్రాక్టర్లు నారింజ రంగులో ఉంటాయి. మెరిట్ కాలిఫోర్నియాలో కొండ మీద విరగబూసిన గసగసాల జాతి నారింజ పూలు చూసి ఆ రంగు ఎంచుకున్నాడని చెబుతారు. అంతకుముందు ఆకుపచ్చ వేసేవారు. దూరం నుంచి చేలో కనపడాలి కదా అన్నాడట. ఇంజనీరు మాట కాదుగానీ వ్యాపారి మాట.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న ముక్క చూడండి. రైస్ మిల్లు నుంచి తెచ్చాను. అవును, వి-బెల్టే. మీ ఊళ్లో షాపుకెళ్లి "బి-60 ఒకటివ్వండి" అని నంబరుతో అడిగి తెచ్చుకుంటారే, అది.

మా చిన్నప్పుడు మా వైపు మిల్లుల్లో పట్టీ బెల్టులుండేవి, తోలువి, కాన్వాసువి. ఇంజను ఒక మూల, మర ఇంకో మూల, మధ్యలో ఇరవై అడుగుల బెల్టు టపటపా కొట్టుకుంటూ. దగ్గరగా పెడితే పట్టు చాలదు. జారితే మైనం రాసేవారు. మా ఊరి మిల్లులో బెల్టు ఊడి మీదికొస్తే డ్రైవరు దూకి తప్పించుకోవడం నేను కళ్లారా చూశాను. వి-ఆకారం రబ్బరు బెల్టు కారు ఫ్యానుకు అప్పటికే ఉంది, ఒక్కటి, సన్నది. దాన్ని వరసగా అయిదో పదో పక్కపక్కన గాళ్లున్న పుల్లీ మీద వేసి పెద్ద మోటారు బలాన్ని లాగించవచ్చని చూపినవాడు వాల్టర్ గీస్ట్, 1925లో. ఎక్కడ పనిచేసేవాడు? ఆలిస్-చాల్మర్స్‌లో. బట్టల మిల్లుల కోసమని చేశారు గనక దానికి టెక్స్‌రోప్ అని పేరు పెట్టారు. ఆ గీస్టే తర్వాత 1940లలో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. ఒక బెల్టు మనిషిని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి.

ఆ బెల్టు పక్క గదిలోంచి ట్రాక్టరు వాళ్ల గదిలోకి ఎలా వచ్చిందంటే, కోత మిషను రూపంలో. 1930లలో కంబైన్లు, అంటే కోత, నూర్పిడి ఒకేసారి చేసే మిషన్లు, పెద్ద రైతులవి, ఏనుగుల్లాంటివి. చిన్న రైతు కోసి, కట్ట కట్టి, కుప్పేసి, నూర్పిడి మిషను వచ్చేదాకా కాచుకునేవాడు. 1931లో ఆలిస్-చాల్మర్స్ వాళ్లు ఇండియానాలోని లాపోర్ట్‌లో ఉన్న ఆడ్వాన్స్-రూమ్లీ కంపెనీని కొన్నారు. అక్కడే ఆల్-క్రాప్ హార్వెస్టర్ పుట్టింది. అయిదడుగుల కోత. ట్రాక్టరు వెనక కట్టి పీటీవో మీద, అంటే ఇంజను బలాన్ని వెనక పనిముట్టుకు అందించే ఇరుసు మీద, తిప్పుకోవడమే. గొలుసుల బదులు చాలాచోట్ల వి-బెల్టులు. దాని అసలు తెలివి రెండు చోట్ల ఉంది. ఒకటి, కోసిన వెడల్పు ఎంతో నూర్చే డ్రమ్ము వెడల్పూ అంతే. పైరు మెడ దగ్గర ఇరుక్కోకుండా పల్చటి పొరగా నేరుగా లోపలికి పోతుంది. రెండు, డ్రమ్ము పట్టీలకు రబ్బరు. ఇనుము గింజను కొడుతుంది, రబ్బరు నలుపుతుంది. అరచేతిలో పెసరకాయ పెట్టుకుని నలిపి ఊదుతాం చూడండి, అలా. అందుకే గోధుమ దగ్గర్నుంచి ఆవగింజంత గడ్డి విత్తనం దాకా పగలకుండా వచ్చేది. వందకు పైగా పంటలు నూర్చవచ్చని కంపెనీ చాటుకుంది, పేరే ఆల్-క్రాప్ కదా.

తర్వాతది గడ్డి. ఈ ముచ్చట నాకిష్టం, ఎందుకంటే ఒక తెలివికి ఇంకో తెలివి కాన్పు చేసింది ఇక్కడ.

నెబ్రాస్కాలో లూబెన్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గడ్డిని చాప చుట్టినట్టు చుట్టే మిషను చేశాడు. చదరపు కట్టలో వాన నీళ్లు లోపలికి దిగుతాయి, చుట్టలో పైపొర మీదుగా జారిపోతాయి. మన తాటాకు కప్పు లెక్క. ఆలిస్-చాల్మర్స్ ఆ హక్కులు కొని 1947లో రోటో-బేలర్ అని అమ్మింది. చిన్న చుట్టలే, ఒక మనిషి ఎత్తి భుజాన వేసుకునేంత. ఇప్పుడు మన వైపు వరి కోతలయ్యాక చేలో బేలర్లు తిరుగుతూ గుండ్రటి గడ్డి కట్టలు వదిలిపెట్టి పోతున్నాయే, చూసినప్పుడల్లా నాకు ఆ బొమ్మే గుర్తొస్తుంది.

కానీ దానికో తిరకాసు. చుట్ట నిండాక పురికొస చుట్టాలి. అప్పుడు ట్రాక్టరు ఆగాలి, బేలరు మాత్రం తిరుగుతూనే ఉండాలి. ఆ రోజుల్లో ట్రాక్టరుకు ఒకటే క్లచ్. తొక్కితే బండీ ఆగుతుంది, పీటీవో ఆగుతుంది. పోనీ గేరు తీసి, మళ్లీ వేసి... ప్రతి కట్టకీ ఆ తంతు. రోజుకు కొన్ని వందల కట్టలు. కాలు పడిపోదూ?

1948లో డబ్ల్యూడీ మోడల్ వచ్చింది. దానికి కాలి క్లచ్‌తో పాటు చేతి క్లచ్ పెట్టారు. చేతిది లాగితే చక్రాలొక్కటే ఆగుతాయి, పీటీవో, హైడ్రాలిక్ పంపు తిరుగుతూనే ఉంటాయి. కట్ట చుట్టుకుంది, బయటపడింది, లీవరు వదిలాడు, బండి కదిలింది. ఇవాళ మన రైతు ట్రాక్టరు కొనబోతూ "డబుల్ క్లచ్ ఉందా?" అని అడుగుతాడు చూడండి, రోటవేటరుకు కావాలని, బేలరుకు కావాలని. ఆ అడగడం వెనక ఉన్న అవసరం ఇదే. ఆ దారిలో నడిచింది వీళ్లొక్కళ్లే అననుగానీ, చేతి లీవరుతో ఇంత తేలిగ్గా చేసి చూపిన మొదటి వరసలో వీళ్లున్నారు.

అదే డబ్ల్యూడీలో ఇంకోటి. వెనక చక్రాల మధ్య ఎడం మార్చాలంటే, పత్తికి ఒక ఎడం, మొక్కజొన్నకు ఇంకోటి, జాకీ ఎత్తి, నట్లన్నీ విప్పి, ఇద్దరు మనుషులు చక్రం మోసి... మీ వర్క్‌షాపులో చేశారా? నడుం పడిపోతుంది. వీళ్లేం చేశారంటే రిమ్ము లోపల మరలాగా ఏటవాలు పట్టాలు పెట్టారు. బిగింపులు వదులు చేసి క్లచ్ వదిలితే చాలు, ఇంజను బలంతో చక్రమే ఆ పట్టాల మీద లోపలికో బయటికో జరుగుతుంది. మనిషి సీటు మీంచే సగం పని చూసుకుంటాడు. నాకు బోలెడు నచ్చిన సంగతి ఇది. ఎవరో ఇంజనీరు ఒకసారైనా తన చేత్తో ఆ చక్రం మోసి ఉంటాడు, లేకపోతే ఇది తట్టదు.

డీ-19 గురించి రెండు ముక్కలే. 1961లో వచ్చింది, ఫ్యాక్టరీలోనే టర్బోచార్జరు బిగించి అమ్మిన మొదటి వ్యవసాయ ట్రాక్టరు. గొప్పకు పెట్టింది కాదు. అదే ట్రాక్టరు పెట్రోలు ఇంజనుతో ఎంత బలమిచ్చేదో డీజిలుది దానికి తగ్గింది. కొత్త ఇంజను గీసే బదులు వృథాగా పోయే పొగతో చిన్న టర్బైన్ తిప్పి లోపలికి గాలి ఎక్కువ తోశారు. టర్బైన్లు వాళ్లింటి సరుకే కదా.

ఇక పక్క గది నుంచి తెచ్చుకున్న వాటిలో అందరూ నోరు తెరిచేది 1959 నాటిది. హ్యారీ ఇరిగ్ అనే ఆయన పరిశోధన విభాగంలో ఒక ట్రాక్టరు చేశాడు. దానికి ఇంజను లేదు. బ్యాటరీ కాదు. ఫ్యూయల్ సెల్స్! అంటే గ్యాసును మండించకుండా నేరుగా కరెంటుగా మార్చేవి. 1,008 చిన్న సెల్స్ వరసలుగా పేర్చి, ఎక్కువ పాలు ప్రొపేన్ ఉన్న గ్యాసు పంపితే మొత్తం 15 కిలోవాట్ల కరెంటు పుట్టింది, దాంతో 20 హార్స్‌పవర్ మోటారు నడిచింది. ఆ అక్టోబరులో పొలంలో నాగలి కట్టి దున్ని చూపించారు. చప్పుడు లేదు, పొగ లేదు, గేర్లు లేవు. మనిషి చంద్రుడి మీద దిగడానికి పదేళ్ల ముందు. ఇప్పుడు హైడ్రోజన్ బస్సు అని పత్రికల్లో మొదటి పేజీ వార్త చూసినప్పుడల్లా నాకు ఆ దుక్కి చాలు గుర్తొస్తుంది. ఆ ట్రాక్టరు స్మిత్సోనియన్ మ్యూజియానికి వెళ్లింది, చేలోకి మాత్రం మళ్లీ రాలేదు.

అక్కడే నాకు వాళ్ల మీద కోపం. సగం చేసి వదిలేయడం వాళ్లకు అలవాటు. రోటో-బేలర్‌ను 1960లో ఆపేశారు. ఆ తర్వాత పదేళ్లకు వర్మీర్ అనే కంపెనీ పెద్ద గుండ్రటి కట్టలు చుట్టే మిషనుతో వచ్చి పేరంతా కొట్టేసింది. 1966లో దున్నకుండా విత్తే ప్లాంటరు తెచ్చారు. ముందు అలలు తిరిగిన పళ్లెం లాంటి బిళ్ల ఒకటి మోళ్లను కోసి సన్నటి చాలు తీస్తుంది, వెనకాలే గింజ పడుతుంది. వ్యాపారంగా నిలబడ్డ తొలి నో-టిల్ ప్లాంటరు అదే అంటారు. మన కృష్ణా, గుంటూరు వైపు వరి కోసిన మాగాణిలో దుక్కి లేకుండా మొక్కజొన్న వేస్తున్నారు కదా, జీరో టిల్లేజ్ అని మీరు పాఠం చదువుతారు, ఆ పాఠంలో ఈ పేరుండదు.

వదిలేసినా బతికిపోయింది ఒకటుంది, మోడల్ జీ. 1948 నుంచి 1955 దాకా అలబామాలోని గాడ్స్‌డెన్‌లో చేశారు. సుమారు 30,000. చూస్తే ట్రాక్టరులా ఉండదు. ఇంజను వెనక, మనిషి దాని ముందు, ముందంతా రెండు గొట్టాలు. ఎందుకంటే కూరగాయల మళ్లలో కలుపు తీసేటప్పుడు పనిముట్టు మనిషి కళ్ల ముందుండాలి, వెనక్కి తిరిగి మెడ పట్టేసుకోకూడదు. పది హార్స్‌పవర్ బొమ్మ. ఇప్పటికీ అక్కడి చిన్న కూరగాయల రైతులు వాటిని వెతికి కొని, ఇంజను తీసేసి కరెంటు మోటారు, బ్యాటరీలు పెట్టుకుని నడుపుతున్నారు. వెనక ఇంజను కదా, విప్పడం సుళువు.

కంపెనీ ఏమైందంటారా? 1980లలో అమెరికా రైతు అప్పుల్లో మునిగాడు, వాడితో పాటు వీళ్లూ మునిగారు. 1985లో వ్యవసాయ విభాగాన్ని జర్మనీ వాళ్ల డాయిట్స్‌కు అమ్మేశారు. ఆ డిసెంబరులో వెస్ట్ ఆలిస్‌లో చివరి ట్రాక్టరు బయటికొచ్చింది. 1990లో అక్కడి మేనేజర్లే దాన్ని తిరిగి కొని ఆగ్కో అని పేరు పెట్టారు. ఆలిస్, వాళ్ల కంబైన్ల పేరు గ్లీనర్, రెండు పేర్లూ కలిపి. ఆ ఆగ్కోనే 1994లో మాసీ ఫెర్గూసన్‌ను కొన్నది. చెన్నైలో మన మాసీ ట్రాక్టర్లు చేసే టాఫేలో చాలా ఏళ్లపాటు వాటాదారుగా ఉంది. అలా చుట్టరికం ఉంది మనకి, దూరపు చుట్టరికమే అయినా.

టీ వచ్చేసినట్టుంది, వాసన తగులుతోంది. ప్రశ్నలు టీ తాగుతూ అడగండి. ఈలోగా ఈ బెల్టు ముక్క వెనక వరస దాకా పంపండి. అడుగు చూడకండి, పక్కగోడలు చూడండి, పట్టంతా అక్కడే. మిల్లుకెళ్లినప్పుడు పుల్లీ గాడి అడుగున తళతళా మెరుస్తుంటే బెల్టు అరిగి కిందికి దిగిందని అర్థం, ఒక్కటే మార్చకండి, వరసంతా మార్చమని చెప్పండి. కొత్తదొక్కటి పాతవాటి మధ్య పెడితే బరువంతా అదే మోసి ముందు అదే తెగుతుంది. జాగ్రత్త బాబూ, చేతికి నల్లగా అంటుతుంది.